ఆర్డరుకో చీటీ రాద్దాం, షెడ్డు ఖర్చు ధరలో కలుపుదాం

వరికుంటపాడు, ఉదయగిరి చుట్టుపక్కల చెక్కపని, వెల్డింగు షెడ్లు నడుపుతున్న అన్నలారా, ఇళ్లలో స్పూన్లు చెక్కి నునుపుచేసే అక్కలారా!

మన ఉదయగిరి చెక్క స్పూన్లకు భౌగోళిక గుర్తింపు ఉంది. దుర్గం కొండల నర్ది, బిక్కి, కలివి కర్రతో చేసిన గరిటె లేపాక్షి షోరూములో కనబడితే మనకు గర్వమే. కానీ ఆ గరిటెకు ఎంతయిందని అడిగితే కర్ర ఖరీదు, కూలి చెప్పి ఊరుకుంటాం. పక్కవాళ్లు ఎంతకిస్తే మనమూ అంతకే ఇస్తాం. ఈ పద్ధతి ఇక మానుకుందామని అడగడానికే ఈ కరపత్రం.

ఒక లెక్క వేసి చూద్దాం. అంకెలు ఉదాహరణకే, మీవి మీరు వేసుకోండి. అద్దె, కరెంటు బిల్లు, ఆకురాళ్లు, సాండ్ పేపరు, రంపం సాన, మిషను రిపేరు, నెల్లూరు బస్సు చార్జీలు కలిపి నెలకు 9,000 రూపాయలనుకుందాం. ముగ్గురు తలా 200 గంటలు పనిచేస్తే 600 గంటలు. గంటకు 15 రూపాయల షెడ్డు ఖర్చు పడుతుంది. వంద స్పూన్ల ఆర్డరుకు కర్ర 400, గంటకు 50 చొప్పున 60 గంటల కూలి 3,000. అయింది 3,400 కదా అని 4,000కు ఒప్పుకుని, 600 మిగిలిందని సంతోషపడతాం. షెడ్డు ఖర్చు 900 కలపండి. అయింది 4,300. మన చేతిది 300 పోయింది!

అదే వారం ఒక తలుపు చేశాం. కర్ర 9,000, పని 30 గంటలు. ఈ రెండు ఆర్డర్ల షెడ్డు ఖర్చు 1,350ని కర్ర ఖరీదును బట్టి పంచితే దాదాపు 1,290 తలుపు మీదే పడుతుంది, స్పూన్ల మీద 60 కూడా పడదు. తలుపు ధర పెరిగి ఆ గిరాకీ వేరే ఊరికి పోతుంది, స్పూన్లేమో నష్టానికి పోతాయి. షెడ్డును ఎక్కువసేపు వాడుకున్నది స్పూన్ల పని. అందుకే గంటలను బట్టే పంచాలి. వెల్డింగు షెడ్డులోనైతే మిషను ఆడిన గంటలు లెక్క.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది వేరే ఉంది. రాత్రి వంటయ్యాక ఆడవాళ్లు కూర్చుని స్పూన్లు రుద్దే గంటలు ఏ లెక్కకూ ఎక్కవు. ఖాళీగా ఉన్నప్పుడు చేశారులే అంటాం. ఆ గంటలు వదిలేస్తే కూలీ తప్పుతుంది, గంటకు వేసే షెడ్డు ఖర్చూ తప్పుతుంది. మన స్పూను చవకగా ఉందంటే అందులో ఆమెకు ఇవ్వని కూలి ఉంది.

కార్తీకం వానలకు కర్ర ఆరదు, ఆర్డర్లు తగ్గుతాయి, అద్దె మాత్రం తగ్గదు. ఆ నెల ఖర్చంతా ఆ నెల వచ్చిన నాలుగు ఆర్డర్ల మీదే వేస్తే కొనేవాళ్లు ఉండరు. ఏడాది ఖర్చునూ ఏడాది గంటలనూ ముందే అంచనా వేసి ఒకటే రేటు పెట్టుకోవాలి, ఉగాదికి సరిచూసుకోవాలి.

ఇది పెద్ద ఫ్యాక్టరీలకే పనికొచ్చే విద్య అనుకోకండి. ఇంగ్లండులో జోసయా వెడ్జ్‌వుడ్ అనే కుండల తయారీదారు 1772లో గిరాకీ పడిపోయినప్పుడు ఒక్కో వస్తువుకు ఎంతవుతోందో కూర్చుని రాసుకున్నాడు. సరుకు తగ్గినా అద్దె లాంటి ఖర్చులు తగ్గవని ఆ లెక్కలోనే తెలుసుకున్నాడు.

మనం చేయాల్సింది ఆర్డరుకో చీటీ. దానిమీద కర్ర, ఎవరెన్ని గంటలు చేశారో పేర్లతో సహా, గంటకింత అని షెడ్డు ఖర్చు రాయాలి. పొదుపు సంఘాల పుస్తకాలు రాసే మన అమ్మాయిలు ఉన్నారు. వాళ్లకు పనికి తగిన డబ్బిచ్చి రాయించుకుందాం. టోకున కొనేవాళ్లు ధర తగ్గించమంటే ఆ చీటీ ముందుపెట్టి మాట్లాడదాం. వచ్చే ఆర్డరుతోనే మొదలుపెడదాం. ముందుగా పోయిన పన్నెండు నెలల కరెంటు బిల్లులు వెతికి ఒకచోట పెట్టండి.