రావలసిన సరుకు లెక్కలో వున్నదా?

పలాస-కాశీబుగ్గ జీడి బజారులో బేరం ఇప్పటికీ చాలావరకు ఫోను మీదనే కుదురుతున్నది. మచ్చు చూడడం, రేటు అనుకోవడం, "సరే, లోడు ఎత్తించండి" అనడం, అంతటితో సౌదా అయినట్లే. లారీ వచ్చి కాటా ఎక్కేవరకూ ఆ సౌదా ఏ పుస్తకంలోనూ కనిపించదు. విజయనగరం కిరాణా హోల్‌సేలు కొట్లలో నూనె, పప్పుల కొనుగోళ్ళదీ ఇదే తీరు. రైసు మిల్లులు గోనె సంచులకు ఇచ్చే ఆర్డర్లదీ ఇదే దారి.

చిట్టా, ఆవర్జాలు చేత్తో రాసుకునే కాలంలో యీ పద్ధతికి కారణం వుంది. ఇప్పుడు ఆ కారణం లేదు. 2017 జూలై 1న జీఎస్టీ అమలులోకి వచ్చిన తరువాత ఒక మోస్తరు కొట్టుకు కూడా అకౌంట్ల సాఫ్ట్‌వేరు వచ్చి చేరింది. కాని దానిని బిల్లులు ఎక్కించడానికి, రిటర్నులు వేయడానికి వాడేవారే ఎక్కువ. అందులోనే వున్న కొనుగోలు ఆర్డరు పేజీని తెరిచేవారు తక్కువ. అందుచేత వచ్చిన సరుకుకు లెక్క వుంటున్నది, అమ్మిన సరుకుకు లెక్క వుంటున్నది, రావలసిన సరుకుకు మాత్రం లెక్క వుండడం లేదు. అది షావుకారి జ్ఞాపకంలో వుంటున్నది. కొనుగోళ్ళలో నష్టం తరచుగా వచ్చేది యీ మూడవ చోటనే.

ఒక చిన్న లెక్క

ఒక జీడి ఫ్యాక్టరీ యజమాని 500 బస్తాల పిక్కలకు మాట ఇచ్చాడనుకుందాం. బస్తా 80 కిలోలు. లెక్క సులువు కోసం బస్తా ధర 10,000 రూపాయలు అనుకుందాం. మొదటి విడతగా 320 బస్తాలు వచ్చాయి. గుమాస్తా 320 బస్తాలకు బిల్లు ఎక్కించి ఊరుకున్నాడు. మిగిలిన 180 బస్తాలు ఏ పద్దులోనూ లేవు. పదిరోజుల తరువాత గోడౌనులో నిల్వ పలచబడడం చూసి యజమాని మరొకరి దగ్గర 200 బస్తాలు కొన్నాడు. అదే వారంలో పాత సౌదా తాలూకు 180 బస్తాలు కూడా దిగాయి.

18 లక్షల రూపాయల సరుకు అవసరానికి ముందే వచ్చి కూర్చున్నది. నెలకు నూటికి రూపాయిన్నర వడ్డీ చొప్పున ఒక్క నెలకే 27,000 రూపాయలు. ఈలోగా బజారు బస్తాకు 500 రూపాయలు తగ్గితే మరో 90,000. వెరసి 1,17,000 రూపాయలు. ఇందులో ఎవరూ ఎవరినీ మోసగించలేదు. సరఫరాదారు మాట తప్పలేదు, గుమాస్తా తప్పు రాయలేదు. 180 అనే అంకె రాయడానికి చోటు లేకపోవడమే యీ నష్టానికి మూలం.

మూడు పద్దులు, ఒక ముడి

సాఫ్ట్‌వేరులో ఆ చోటు వుంది. ట్యాలీ వంటి వాటిలో ఆర్డరుకు, సరుకు రాకకు, బిల్లుకు వేరువేరు పద్దులు వున్నాయి. బేరం కుదిరిన రోజునే ఆర్డరు ఎక్కించాలి. సరఫరాదారు పేరు, సరుకు, పరిమాణం, రేటు, వాయిదా తేదీ అందులో వుండాలి. లారీ దిగిన రోజున కాటా చీటీ ప్రకారం సరుకు రాకను ఆ ఆర్డరు నంబరుకు ముడిపెట్టాలి. బిల్లు చేతికి వచ్చినప్పుడు దానిని రాకకు ముడిపెట్టాలి.

ఇంతమాత్రం చేస్తే 500లో 320 పోను 180 బాకీ అని యంత్రమే చూపుతుంది. వాయిదా దాటిన ఆర్డర్లు ఏవో విడిగా కనిపిస్తాయి. ఆర్డరు రేటుకూ బిల్లు రేటుకూ, కాటా తూకానికీ బిల్లు తూకానికీ తేడా వుంటే పైకం కట్టకముందే బయటపడుతుంది. మళ్ళీ కొనబోయే ముందు గోడౌను నిల్వకు రావలసిన సరుకును కలిపి, ఇవ్వవలసిన దానిని తీసివేసి చూసుకోవచ్చు. కొనాలా వద్దా అన్నది ఆ మూడవ అంకె చెప్పాలి గాని ఖాళీగా కనిపించే గోడౌను చెప్పకూడదు.

జీడిపిక్కకు ఒక్క అంకె చాలదు

జీడి వ్యాపారంలో యీ అవసరం మరీ ఎక్కువ. ఉద్దానం పిక్క మార్చి నుంచి మే వరకు దిగుతుంది. ఇంచుమించు అదే కాలంలో పశ్చిమ ఆఫ్రికా పంట, అక్టోబరు తరువాత టాంజానియా పంట బజారుకు వస్తాయి. విశాఖ రేవు మీదుగా వచ్చే పిక్కకు బేరం టన్నుకు డాలర్లలో, స్థానిక పిక్కకు బస్తాకు రూపాయలలో. ఒకచోట టన్నులలో రాసి మరొకచోట బస్తాలలో దించుకుంటే బాకీ ఎంతో ఎవరికీ తేలదు. టన్నుకు 80 కిలోల బస్తాలు పన్నెండున్నర అని సాఫ్ట్‌వేరుకు ఒకసారి చెప్పి పెడితే యీ తికమక వుండదు.

తూకం సరిపోయినంత మాత్రాన ఆర్డరు నెరవేరినట్లు కాదు. 80 కిలోల బస్తాకు ఎన్ని పౌండ్ల పప్పు దిగుతుందన్న దాని మీదనే పిక్క విలువ వున్నది. 48 పౌండ్లకు బేరమాడిన సరుకు కోతలో 45 పౌండ్లే తేలితే 500 బస్తాల మీద 1,500 పౌండ్లు, అంటే సుమారు 680 కిలోల పప్పు తరుగు. తేమ, పుచ్చు, కిలోకు ఎన్ని పిక్కలు అన్నవి కూడా ఇలాగే. బేరంలో అనుకున్న నాణ్యత ఆర్డరు మీద లేకపోతే, సరుకు దిగిన తరువాత తరుగు అడగడానికి ఆధారం ఏమిటి? కోత ఫలితాన్ని సరుకు రాక పద్దులోనే రాసి పెట్టుకున్న వర్తకుడికి ఏ సరఫరాదారు మచ్చు నిలబడుతున్నదో, ఎవరిది నిలబడడం లేదో రెండు సీజన్లలో తేలిపోతుంది.

పన్ను సంగతి కూడా వున్నది. జీఎస్టీ కింద రైతు దగ్గర కొన్న పచ్చి జీడిపిక్క మీద పన్ను కట్టే బాధ్యత రిజిస్టరైన కొనుగోలుదారుదే. ఆ కొనుగోలుకు ఇన్‌వాయిసు కూడా అతడే రాసుకోవాలి. రిజిస్టరైన వర్తకుడి దగ్గర కొంటే పన్ను అతడి బిల్లులోనే వస్తుంది. సరఫరాదారు రైతా, వర్తకుడా అన్నది ఆర్డరు నాడే గుర్తు పెట్టుకుంటే నెలాఖరులో వెతుకులాట తప్పుతుంది. అలాగే ఒకే ఇన్‌వాయిసు మీద సరుకు విడతలుగా వస్తే, చివరి విడత అందిన తరువాతనే పన్ను క్రెడిట్ తీసుకోవాలని చట్టం చెబుతున్నది. చివరి విడత ఏనాడు అందిందో చెప్పగలిగేది సరుకు రాక పద్దు ఒక్కటే.

సుంకం మారిన ఉదయం

విజయనగరం, శ్రీకాకుళం కిరాణా వర్తకులకు దీని విలువ తెలియడానికి నూనె చాలు. 2024 సెప్టెంబరు 14 నుంచి కేంద్రం ముడి పామాయిలు, సోయా, పొద్దుతిరుగుడు నూనెల మీద అంతవరకు లేని మూల దిగుమతి సుంకాన్ని 20 శాతంగా వేసింది. శుద్ధి చేసిన నూనెల మీద 12.5 శాతాన్ని 32.5 శాతం చేసింది. 2025 మే చివర ముడి నూనెల మీది సుంకాన్ని మళ్ళీ 10 శాతానికి తగ్గించింది. ఇటువంటి ఉదయాన బజారులో వినిపించే ప్రశ్న ఒక్కటే: నిన్నటి ఆర్డరు నిన్నటి రేటుకేనా?

సుంకం పెరిగిన నాడు సరఫరాదారుకు పాత ఆర్డర్లు గుర్తుండవు. తగ్గిన నాడు కొనుగోలుదారుకు గుర్తుండవు. 1930 నాటి సరుకుల అమ్మకపు చట్టం నోటిమాట ఒప్పందాన్ని కూడా ఒప్పుకుంటుంది. కాని ఎన్ని డబ్బాలు, ఏ రేటు, ఏ తేదీ అని అడిగితే మాటకు సాక్ష్యం లేదు. బేరం నాడే ఎక్కించి, ఆ రోజే ఎదుటివారికి పంపి, వారి అంగీకారం తెప్పించుకున్న ఆర్డరుకు వుంటుంది.

నోటిమాట వెసులుబాటు

దీనికి బజారులో అభ్యంతరం లేకపోలేదు. మాట మీద నడిచే వ్యాపారంలో కాగితం అడిగితే నమ్మకం చెడుతుందని పాత వర్తకులు, దళారీలు అంటారు. ఆ మాటలో గౌరవించవలసినది వున్నది. తరాలుగా ఉత్తరాంధ్ర వర్తకం పరువు మీదనే నిలిచింది. అయితే ఆర్డరు రాయకపోవడానికి నమ్మకం ఒక్కటే కారణమని ఎవరూ అనలేరు. రేటు పడిపోతే వెనక్కు తగ్గే వీలు నోటిమాటలో వుంటుంది. ఆ వీలు కొందరికి ముద్దు. కాని అదే వీలు ఎదుటివాడికి కూడా వున్నదని, బజారు ఎక్కినప్పుడు అతడు దానిని వాడుకుంటాడని మరిచిపోకూడదు.

దళారీకి యీ పద్ధతి మేలే చేస్తుంది. ఆర్డరు నంబరు రెండు వైపులా వుంటే వివాదంలో అతడిని సాక్షిగా నిలబెట్టే అవసరం తగ్గుతుంది. దిగిన సరుకు లెక్క స్పష్టంగా వుంటే కమీషను తేల్చడం కూడా సులువు. చిన్న సరఫరాదారుకు, పిక్క పోసే రైతుకు ఇంకా మేలు. తన సరుకు ఎంత దిగింది, ఎంత మిగిలింది, పైకం ఏ బిల్లుకు వచ్చింది అన్నది అడిగి తెలుసుకోగలుగుతాడు. ఆర్డరు రాసిన వర్తకుడు తనను కూడా కట్టివేసుకుంటాడన్నది నిజమే. పరువుగల వర్తకుడు ఎలాగూ కట్టుబడే వుంటాడు కనుక అతడికి కొత్తగా పోయేది లేదు.

యంత్రం చేయలేని పని

సాఫ్ట్‌వేరు కొన్నంతనే అన్నీ చక్కబడతాయనుకోవడం పొరపాటు. బిల్లు వచ్చిన తరువాత దానిని చూసి వెనుక తేదీతో ఆర్డరు ఎక్కించే అలవాటు కొన్ని కొట్లలో వున్నది. అప్పుడు ఆర్డరు, రాక, బిల్లు మూడూ ముచ్చటగా సరిపోతాయి గాని వాటి వల్ల ఫలితం సున్న. బేరమాడే మనిషి, కాటా దగ్గర సరుకు దించుకునే మనిషి ఒక్కరే అయినా అంతే. చిన్న కొట్టులో ఇద్దరిని పెట్టడం కష్టమైతే కాటా చీటీ మీద యజమాని సంతకం పడితే చాలు.

చచ్చిన ఆర్డర్లను మూసివేయడం మరో ముఖ్యమైన పని. ఇక రాదని తేలిన సరుకు బాకీ పట్టికలో వుండిపోతే, లేని సరుకును నమ్ముకుని అసలు కొనుగోలు మానేసే ప్రమాదం వుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలను కూలగొట్టింది. అటువంటి విపత్తు తరువాత స్థానిక పంట మీద పెట్టుకున్న ప్రతి ఆర్డరును మళ్ళీ మాట్లాడుకుని, మిగిలినంత వుంచి, రానిదానిని కారణం రాసి మూసివేయాలి. తుపానుల జిల్లాలో యీ పని ఎప్పుడైనా పడవచ్చు.

ఖర్చు విషయానికి వస్తే కొత్తగా కొనవలసినది చాలామందికి లేదు. వున్న సాఫ్ట్‌వేరులోనే ఆర్డరు పేజీ వున్నదేమో అకౌంటెంటును అడిగితే తెలుస్తుంది. అన్ని సరుకులకూ ఒకేసారి మొదలుపెట్టనక్కర లేదు. జీడి ఫ్యాక్టరీ పిక్కలతో, కిరాణా కొట్టు నూనెతో, రైసు మిల్లు గోనె సంచులతో ఒక సీజను నడిపి చూడవచ్చు. ప్రతి శనివారం కొట్టు కట్టేముందు బాకీ ఆర్డర్ల పట్టిక ఒక్క కాగితం తీయించి, వాయిదా దాటిన ప్రతి పేరుకూ ఫోను చేసి, కొత్త తేదీ అయినా రాసుకోవాలి, ఆర్డరైనా మూసివేయాలి. ఉద్దానం పిక్క దిగడం మొదలైన తరువాత ఎవరికీ తీరిక చిక్కదు. కనుక యీ అలవాటును మార్చికి ముందే మొదలుపెట్టడం మంచిది.