గోడ మీద ఒకరు, దుకాణంలో ఒకరు

సిద్దిపేట: అవార్డులు పొందిన తెలంగాణ చిత్రకారుల సామూహిక ప్రదర్శన హైదరాబాదులో జరిగిందంటే పత్రికల్లో ఫొటోలు పడడం మామూలే. దీపం వెలిగిస్తారు, శాలువాలు కప్పుతారు, ఉపన్యాసాలుంటాయి. అయితే ఆ గోడలకు వేలాడే బొమ్మల్లో ఉండేది మన ఊళ్ళే. బతుకమ్మ ఆడే ఆడవాళ్ళు, నుదుట రూపాయంత బొట్టు, భుజాన గొంగడి, పక్కన మేకలు. ఎవరిని చూసి ఆ బొమ్మలు వేశారో వాళ్ళు మాత్రం గ్యాలరీ మెట్లెక్కింది తక్కువ.

ఇలాంటి ప్రదర్శన అనగానే ముందు వరుసలో వినిపించే పేర్లలో చాలావరకు ఈ ప్రాంతానివే. పాకాల తిరుమలరెడ్డి, అంటే పి.టి.రెడ్డి, కరీంనగర్ ప్రాంతంలోని అన్నవరంలో 1915లో పుట్టారు. పాత మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన లక్ష్మాగౌడ్‌కు 2016లో పద్మశ్రీ వచ్చింది. మన సిద్దిపేట కాపు రాజయ్య ఊరు విడిచి పోకుండానే బోనాలను, బతుకమ్మను దేశానికి చూపించి 2012లో కన్నుమూశారు. బూరుగుపల్లి నుంచి వెళ్ళిన తోట వైకుంఠం సంగతి చెప్పనక్కరలేదు. ఆయన గీసిన తెలంగాణ స్త్రీని గుర్తుపట్టని వారు అరుదు. 1993లో ఆయన జాతీయ అవార్డు అందుకున్నారు. ‘దాసి’ సినిమాకు కళా దర్శకుడిగా మరో జాతీయ అవార్డు ఆయనదే.

జాతీయ అవార్డు పొందిన వైకుంఠం మరొకరు కూడా ఉన్నారు. ఆయన ధనాలకోట వైకుంఠం, చేర్యాల నకాషీ. 2016 జిల్లాల విభజనలో చేర్యాల వరంగల్లు నుంచి సిద్దిపేట జిల్లాకు వచ్చింది కనుక ఆ లెక్కన ఇదీ మన జిల్లా గొప్పే. ఇద్దరూ వైకుంఠాలే, ఇద్దరివీ జాతీయ అవార్డులే, ఇద్దరి చేతిలోనూ కుంచే. అయినా ఒకరి బొమ్మ గ్యాలరీ గోడకెక్కుతుంది, రెండో వారి బొమ్మ హస్తకళల దుకాణంలో బల్ల మీదికి చేరుతుంది. కారణం వెతికితే అది కుంచెలో కాక కార్యాలయాల్లో దొరుకుతుంది. చిత్రకారులకు అవార్డులిచ్చేది సాంస్కృతిక శాఖ కింది లలిత కళా అకాడమీ. నకాషీలకు ఇచ్చేది జౌళి శాఖ కింది హస్తకళల విభాగం. ఏ శాఖ శాలువా కప్పిందన్న దానిని బట్టి మనిషి కళాకారుడో పనివాడో తేలిపోతున్నాడు.

నకాషీ పటం ఎలా తయారవుతుందో తెలిసిన వారికి ఈ తేడా విడ్డూరంగానే ఉంటుంది. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమన్ను, చింతగింజల అంబలి, బంక కలిపి పూత మీద పూత వేస్తారు. ఆరిన తరువాత ఉడుత వెంట్రుకల కుంచెతో గీత గీసి, ఎర్రటి నేల మీద బొమ్మలు నింపుతారు. మూడడుగుల వెడల్పు, నలభై యాభై అడుగుల పొడవు ఉన్న పటాలు కూడా ఉండేవి. పద్మశాలీలకు కూనపులి వారు, మాదిగలకు డక్కలి వారు, ముదిరాజులకు కాకిపడగల వారు ఆ పటం విప్పుతూ రాత్రంతా కులపురాణం చెప్పేవారు. ఒక్కొక్క వరుస కిందికి జారుతుంటే కథ ముందుకు సాగేది. ఈ జిల్లాలో యాభై దాటిన వారిలో ఆ కథ కింద చాప పరుచుకుని నిద్రపోయిన వారు ఇంకా ఉన్నారు. సామూహిక ప్రదర్శన అంటూ ఒకటి ఉంటే అసలు అదే కదా, ఊరంతా కూర్చుని చూసేది!

సినిమా, టీవీ వచ్చాక కథ చెప్పించేవారు తగ్గారు. పటాలు రాయించుకునేవారూ తగ్గారు. పైగా పాతబడి చిరిగిన పటాన్ని నదిలో నిమజ్జనం చేయడం ఆచారం కావడంతో పాతవి మిగిలింది కొన్నే. వాటిలో కొన్నింటిని హైదరాబాదులో జగదీశ్ మిత్తల్ దంపతులు సేకరించి కాపాడారు. నకాషీలు బతుకుదెరువు కోసం చిన్న చట్రాలకు, రంపపు పొట్టు, చింతగింజల ముద్దతో చేసే ముఖాలకు, తాళంచెవుల గుత్తులకు దిగారు. కొందరు హైదరాబాదు చేరారు. భౌగోళిక గుర్తింపు వచ్చినా, అది సరుకుకు దక్కిన పేరే తప్ప గీసిన మనిషి పేరు కాదు. తోట వైకుంఠం చిత్రం లక్షల్లో పలుకుతుండగా చేర్యాల చట్రం ధర వందల్లోనో వేలల్లోనో ఆగిపోతోంది. మార్కెట్టు ధరను ఎవరూ శాసించలేరు, నిజమే. కానీ గోడ మీద ఎవరి పేరు రాయాలన్నది మార్కెట్టు నిర్ణయించే విషయం కాదు.

మాదాపూర్‌లో ఈ తేడా కళ్ళకు కడుతుంది. రాష్ట్ర ప్రభుత్వ ఆర్ట్ గ్యాలరీ అక్కడే ఉంది, శిల్పారామమూ అక్కడే ఉంది. ఒకచోట చిత్రం కింద చిత్రకారుడి పేరు, పుట్టిన ఊరు, సంవత్సరం రాస్తారు. రెండోచోట ధర రాసిన చీటీ అంటిస్తారు.

కేంద్ర ప్రభుత్వమే మరో సందర్భంలో ఈ గీతను చెరిపేసిందన్నది గమనార్హం. శ్రీకాళహస్తి కలంకారీకి జొన్నలగడ్డ గురప్పచెట్టికి 2008లోను, నిమ్మలకుంట తోలుబొమ్మలకు దళవాయి చలపతిరావుకు 2020లోను, ఏటికొప్పాక లక్కబొమ్మలకు సి.వి.రాజుకు 2023లోను పద్మశ్రీ ఇచ్చారు. వీరందరినీ చేర్చింది ‘కళ’ విభాగంలోనే. లక్ష్మాగౌడ్‌ను చేర్చిందీ అందులోనే. రాష్ట్రపతి భవన్‌లో ఒకే వరుసలో నిలబడగలిగిన వారు గ్యాలరీలో ఒకే గోడ మీద ఎందుకు ఉండకూడదు?

హస్తకళ ముద్రను ఉన్నపళంగా వదిలేయమనడం కూడా న్యాయం కాదు. ఆ ముద్ర ఉంటేనే చేతివృత్తిదారు గుర్తింపు కార్డు వస్తుంది, మేళాల్లో స్టాలు దొరుకుతుంది, అవార్డు పొంది వృద్ధాప్యంలో ఇబ్బంది పడేవారికి నెలసరి సాయం అందుతుంది. చిత్రకారుడు అన్న బిరుదు ఒక్కటే ఇస్తే వీటిలో ఏదీ రాదు. కనుక కావలసింది రెండు ద్వారాలూ తెరిచి ఉండడం. ఇందుకు కొత్త చట్టం అక్కరలేదు. ప్రదర్శన నిర్వాహకులు జాబితా రాసేటప్పుడు ఒక పేరు అదనంగా రాస్తే చాలు.

రెండో సంగతి ప్రదర్శన ఎక్కడ పెట్టాలన్నది. లక్షల విలువ చేసే చిత్రాలను జిల్లాకు తేవాలంటే బీమా కావాలి, చెమ్మ లేని గోడలు కావాలి, రాత్రి కాపలా కావాలి. నిర్వాహకులు వెనకాడటంలో అర్థముంది. అయినా అసలు చిత్రాలే రావాలని లేదు. లక్ష్మాగౌడ్ పేరు తెచ్చుకున్నదే రాగి రేకు మీద గీసి కాగితంపై అచ్చు తీసే పద్ధతిలో. ఒకే రేకు నుంచి అనేక ప్రతులు వస్తాయి, అన్నీ అసలువే. అటువంటి ప్రతులు, కాపు రాజయ్య చిత్రాల మంచి ఫొటోలు, చేర్యాల నుంచి ఒక్క పొడుగు పటం ఉంటే జిల్లా కేంద్రంలో వారం రోజుల ప్రదర్శనకు సరిపోతాయి. చేర్యాల నుంచి సిద్దిపేటకు పటం తేవడానికి లారీ కూడా అక్కరలేదు. చుట్టి చంకన పెట్టుకుని బస్సెక్కవచ్చు. ఇన్నాళ్ళూ కథ చెప్పేవారు ఊరూరా మోసింది అలాగే.

బతుకమ్మ సెలవుల్లో పెడితే బడిపిల్లలూ వస్తారు, పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డలూ వస్తారు. పటం విప్పి కథ చెప్పడానికి ఒక్క కూనపులి బృందాన్నైనా పిలిచి, వారి దారి ఖర్చులు, సంభావన ముందే చేతిలో పెట్టాలి. చప్పట్లతో సరిపెట్టి పంపడం మన సభల్లో పాత అలవాటు.