ప్రపంచ పౌరుడికో సర్టిఫికెట్

అమెరికా, బ్రిటన్ విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల ఇప్పుడు డిగ్రీతో పాటు ఇంకో కాగితం కూడా సంపాదించుకోవచ్చు. ‘గ్లోబల్ సిటిజన్‌షిప్’ పేరుతో ఒకచోట సర్టిఫికెట్ ఇస్తారు, ఒకచోట పతకం, మరోచోట లింక్డ్‌ఇన్‌లో తగిలించుకునే డిజిటల్ బ్యాడ్జి. ఇచ్చే పద్ధతి మాత్రం ఇంచుమించు ఒకటే. చెప్పిన జాబితాలోంచి కొన్ని కోర్సులు చదవాలి, తరగతి బయట కొన్ని గంటలు సేవలోనో సదస్సుల్లోనో గడపాలి, చివర్లో తానేం నేర్చుకున్నదీ ఒక వ్యాసం రాసివ్వాలి. ఫ్లోరిడా ఇంటర్నేషనల్ యూనివర్సిటీ 2010లోనే డిగ్రీ విద్యార్థులకు ఇలాంటి కోర్సులు కనీసం రెండు తప్పనిసరి చేసింది. ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో 4.7వ అంశం కూడా 2030 కల్లా విద్యార్థులందరికీ ఈ చదువు అందాలంటోంది. ఇది మనకూ సంబంధించిన సంగతే. 2023–24లో అమెరికాలో చదివిన భారతీయ విద్యార్థులు 3.31 లక్షల మంది. అందులో 1.96 లక్షల మందికి పైగా పీజీ వాళ్లే. తెలుగువాళ్లు ఆ గుంపులో ఎంతమంది ఉంటారో ఏ ఊళ్లో అడిగినా చెబుతారు. అప్పుచేసి ఎంఎస్‌కు వెళ్లిన పిల్లలు ఈ కాగితం కోసం కూడా కష్టపడాలా? పడొచ్చు, ఒక షరతు మీద. ఆ సర్టిఫికెట్ తాము చదువుతున్న సబ్జెక్టులోంచే రావాలి. పక్కనెక్కడో పూర్తిచేసిన గంటల లెక్కకు ఇచ్చేదైతే వదిలేసుకోవడమే మేలు.

ఎందుకంటే విమానం ఎక్కినంత మాత్రాన ప్రపంచం అర్థం కాదు. డాలస్‌లో దిగి, తెలుగు రూమ్మేట్లతో ఫ్లాట్ తీసుకుని, వారాంతం ఇండియన్ స్టోర్‌లో సరుకులు కొనుక్కుంటూ రెండేళ్లు గడిపేయడం సులువే. అది తప్పు కూడా కాదు, పరాయిచోట నిలదొక్కుకోవడానికి మనుషులు ఎప్పుడూ చేసేదే. దానికీ ప్రపంచ పౌరసత్వానికీ సంబంధం లేదంతే. ఫ్లోరిడా ఇంటర్నేషనల్ యూనివర్సిటీ తన విద్యార్థుల నుంచి మూడు ఆశిస్తుంది: లోకంలోని సంగతులు ఒకదానితో ఒకటి ఎలా ముడిపడ్డాయో తెలియడం, ఒకే సమస్యను పలు వైపుల నుంచి చూడగలగడం, పరిష్కారంలో చెయ్యి వేయడానికి ముందుకు రావడం. మొదటి రెండూ డిగ్రీలోనే నేర్చుకోవచ్చు. మూడోదానికి మంచి మనసు ఉంటే సరిపోదు, పని తెలిసి ఉండాలి. ఆ పని చేతికొచ్చేది పీజీలోనే. అందుకే పీజీ స్థాయిలో ఈ సర్టిఫికెట్ అడగాల్సిన ప్రశ్న వేరు. నువ్వు నేర్చుకుంటున్న విద్య ఎవరెవరి బతుకుల్లోకి వెళ్తోంది, అందులో నీ నిర్ణయం ఏ దగ్గర ఉంటుంది అని అడగాలి.

దీనికి ఉదాహరణ హైదరాబాద్ శివార్లలోనే ఉంది. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ పరిశోధకులు పటాన్‌చెరు ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. దాదాపు 90 బల్క్ డ్రగ్ కంపెనీల వ్యర్థాలు అప్పట్లో ఆ కేంద్రానికి చేరేవి. శుద్ధి చేశాక కూడా ఆ నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా తేలింది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా ఇది ఎక్కువ. కొన్ని రకాల బ్యాక్టీరియాను చంపడానికి చాలినదానికి వెయ్యి రెట్లు పైనే. ఆ నీళ్లు అప్పట్లో వాగులో కలిసేవి. వాగులో బతికి బట్టకట్టిన బ్యాక్టీరియా మందుకు లొంగకుండా తయారవుతుంది, దానికి పాస్‌పోర్టు అక్కర్లేదు. వేరే దేశంలో గొంతునొప్పికి వేసుకున్న మాత్రకూ, ఇక్కడి వాగుకూ, రేపు ఏదో ఆసుపత్రిలో ఏ యాంటీబయాటిక్‌కూ లొంగని జ్వరానికీ మధ్య లంకె ఇది. ఇదే బల్క్ డ్రగ్ పరిశ్రమ చవక మందులతో ఎన్నో పేద దేశాల్లో ప్రాణాలు నిలబెట్టిందన్నదీ అంతే నిజం. రెండూ నిజమే కాబట్టి ప్రశ్న కష్టమైంది.

ఈ గొలుసులో ఉన్నదెవరో చూడండి. రియాక్టర్‌లో ఏ ద్రావకం వాడాలో తేల్చే కెమిస్టు, శుద్ధి కేంద్రాన్ని డిజైన్ చేసే ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరు, తక్కువ ధర చెప్పిన కంపెనీకే టెండర్ కట్టబెట్టే ఆరోగ్యశాఖ ఆర్థికవేత్త, ఫ్యాక్టరీ తనిఖీకొచ్చి మాత్ర నాణ్యత చూసి కాలువ చూడకుండా వెళ్లిపోయే ఇన్‌స్పెక్టరు. వీళ్లలో చాలామంది ఎక్కడో ఒకచోట పీజీ చేసినవాళ్లే. తన పని తాను సరిగ్గానే చేశానని ఎవరికి వారు చెప్పగలరు కూడా. యాంటీబయాటిక్ ఫ్యాక్టరీల వ్యర్థజలాల మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ మొట్టమొదటి మార్గదర్శకాలు ఇచ్చింది 2024 సెప్టెంబరులో. పటాన్‌చెరు ఫలితాలు అచ్చయిన పదిహేడేళ్లకు! మార్గదర్శకాలే ఇంత ఆలస్యంగా వచ్చేచోట, గొలుసులోని తన కొక్కెం ఎక్కడుందో తెలిసిన నిపుణుడు ఒక్కడున్నా తేడా పడుతుంది. ఫార్మసీలో ఎంఎస్ చేసే విద్యార్థి తన థీసిస్‌లో ఒక అధ్యాయం ఈ గొలుసు లెక్కకు కేటాయించి, దాన్నే రుజువుగా చూపి సర్టిఫికెట్ తెచ్చుకుంటే ఆ కాగితాన్ని గౌరవించవచ్చు.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. పౌరుడంటే హక్కులున్నవాడు. ఎఫ్–1 వీసా మీద ఉన్న విద్యార్థికి అమెరికాలో ఓటు లేదు. చదువయ్యాక ఓపీటీ అనే తాత్కాలిక పని అనుమతి మీద ఏడాది, స్టెమ్ కోర్సయితే ఇంకో రెండేళ్లు, ఆ తర్వాత ఉద్యోగ వీసా లాటరీ. 2025 మార్చిలో టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేస్తున్న తుర్కియే విద్యార్థినిని నడివీధిలో అదుపులోకి తీసుకున్నారు. విద్యార్థి పత్రికలో మరికొందరితో కలిసి ఆమె రాసిన ఒక వ్యాసమే అందుకు కారణమని ఆమె తరఫువాళ్లు వాదించారు. అదే ఏడాది జూన్‌లో, విద్యార్థి వీసాకు దరఖాస్తు చేసేవాళ్లు సోషల్ మీడియా ఖాతాలను అందరికీ కనిపించేలా పెట్టాలని అమెరికా విదేశాంగ శాఖ షరతు పెట్టింది. సమాజంలో చురుగ్గా పాల్గొను, పతకమిస్తాం అని విశ్వవిద్యాలయం ఒక చేత్తో పిలుస్తుంటే, పాల్గొన్నవాడి వీసాను ప్రభుత్వం ఇంకో చేత్తో పట్టుకుని ఉంది. ఈ వైరుధ్యాన్ని బ్రోషర్లు దాటేస్తాయి. విదేశీ విద్యార్థి ఊరేగింపులకు వెళ్లి సర్టిఫికెట్ గంటలు పూర్తిచేసుకోవాలని చెప్పే ధైర్యం నాకు లేదు. అందుకే సబ్జెక్టు దగ్గరికే మళ్లీ వస్తాను. హక్కులు వీసాతో పోవచ్చు. వృత్తి బాధ్యత మనిషితో పాటే ఏ దేశానికైనా వస్తుంది, హైదరాబాద్‌కు తిరిగొచ్చినా సరే.

ఉద్యోగం ఇచ్చేవాళ్లు ఇలాంటి కాగితం అడగరు కదా అంటారు. నిజమే, అడగరు. దీనికోసం అదనంగా క్రెడిట్లు కొనాల్సి వస్తే, ఒక్కో క్రెడిట్‌కు వందల డాలర్లు పోసి, అప్పు మీద అప్పు చేయొద్దు. డిగ్రీకి ఎలాగూ చదవాల్సిన క్రెడిట్లలోనే ఇముడుతుందా అని అడ్వైజర్‌ను అడిగితే సరిపోతుంది. ఇమడదంటే తన విద్య ఎవరి బతుకుల్లోకి వెళ్తోందన్న ప్రశ్నను మాత్రం ఉంచుకుని కాగితాన్ని వదిలేయవచ్చు. ఇక ఇదంతా పాశ్చాత్యుల పెద్దరికమేనన్న విమర్శ. విద్యా పరిశోధకురాలు వెనెస్సా ఆండ్రియోటి 2006లోనే దీన్ని లేవనెత్తారు. సమస్యకు తమ వాటా ఎంతో తేల్చుకోకుండా, పేద దేశాలకు సాయం చేసేవాళ్లుగా విద్యార్థులను తీర్చిదిద్దడం మీద ఆమె అభ్యంతరం. ఆ విమర్శను కాదనలేం. అయితే అదే మన విద్యార్థికి బలం. గొలుసు రెండో కొస నుంచి వచ్చినవాడు కాబట్టి, వాగు ఎలా ఉంటుందో తరగతిలో అతనికి ఎవరూ బొమ్మలేసి చెప్పనక్కర్లేదు.

జాతీయ విద్యావిధానం–2020 మన విశ్వవిద్యాలయాల్లోనూ ప్రపంచ పౌరసత్వ విద్య ఉండాలంటోంది. ఇది అమల్లోకి వచ్చే తీరు తలచుకుంటేనే భయం. రెండు క్రెడిట్ల పేపరు, వంద ఆబ్జెక్టివ్ ప్రశ్నలు, సెమిస్టర్‌కు ముందు బజార్లో గైడు. ఐక్యరాజ్యసమితి ఎప్పుడు ఏర్పడిందో బట్టీపట్టినవాళ్లంతా ప్రపంచ పౌరులైపోతారు. దాని బదులు కొత్త పేపరేదీ పెట్టకుండా, ఇప్పుడున్న పీజీ ప్రాజెక్టులోనే ఒక అధ్యాయం చేర్చి, వైవా బోర్డులోకి ఆ శాఖ వెలుపలి మనిషిని ఒకరిని పిలవొచ్చు. పటాన్‌చెరు ఉన్న సంగారెడ్డి జిల్లాలోనే ఐఐటీ హైదరాబాద్ ఉంది. ఔషధ పరిశోధనకే పెట్టిన నైపర్ బాలానగర్‌లో ఉంది. ఈ రెండింటిలో ఏదైనా వచ్చే ఏడాదే ఒక బ్యాచ్‌తో మొదలుపెట్టి, ఆ వైవాకు వాగు పక్క రైతునొకరిని పిలిచి కూర్చోబెట్టవచ్చు. ఇందుకు యూజీసీ ఉత్తర్వు వచ్చేదాకా ఆగనక్కర్లేదు.