ఎదుట కూర్చోబెట్టి గీయండి

సమకాలీన రూపచిత్రాల పోటీకి చిత్రం పంపాలనుకోగానే మన యువ చిత్రకారులు ఫోటో వెతుక్కుంటారు. దాని మీద గళ్లు గీసి, ముఖాన్ని కాన్వాసు మీదికి ఎక్కిస్తారు. చేయి తిరిగినవాళ్లే, పోలిక చక్కగా దిగుతుంది. మనిషి మాత్రం దిగడు.

మనిషిని రూపుకట్టే విద్య తమిళదేశానికి వలస వచ్చిన తెలుగువారికి కొత్తేమీ కాదు. మదురై పుదుమండపం స్తంభాల మీద నాయక రాజులు నిలువెత్తున నిలబడి ఉన్నారు. కట్టించిన తిరుమల నాయకుడి బొజ్జను కూడా శిల్పి దాచలేదు. తర్వాతి కాలంలో మదురై నుంచే అళగిరి నాయుడు తిరువాన్కూరు వెళ్లి స్వాతి తిరునాళ్ కొలువులో చిత్రాలు గీశాడు. ఆ తర్వాత అక్కడే రామస్వామి నాయుడు తైలవర్ణాల్లో పేరు తెచ్చుకున్నాడు. కుర్రవాడైన రవివర్మకు ఆ మెళకువలు చెప్పడానికి ఆయన ఒప్పుకోలేదనీ, ఆయన శిష్యుడు ఆరుముగం పిళ్లై చాటుగా వచ్చి చూపించాడనీ చరిత్రకారులు రాశారు. 1868లో అక్కడికి వచ్చిన ఐరోపా చిత్రకారుడు థియోడర్ జెన్సన్ కూడా పక్కన నిలబడి చూడనిచ్చాడే తప్ప నేర్పలేదు. అయినా రవివర్మ ఆగలేదు. ఆయన బొమ్మలు ఇంటింటి గోడలెక్కాయి. రామస్వామి నాయుడుగారు రవివర్మ జీవితచరిత్రలో రెండు వాక్యాలుగా మిగిలారు. ఆ చిత్రకారులను తలచుకున్నప్పుడల్లా నాకు బాధ కలిగించేది ఇదే.

మనిషిని ఎదుట కూర్చోబెట్టుకునే గీయాలని పట్టుబట్టే పోటీలూ ఉన్నాయి. సిడ్నీలో 1921 నుంచి రూపచిత్రాలకు ఆర్చిబాల్డ్ బహుమతి ఇస్తున్నారు. బొమ్మ గీయించుకునే మనిషి కనీసం ఒక్కసారైనా చిత్రకారుడి ఎదుట కూర్చోవాలన్నది అక్కడి నిబంధన. 1943 బహుమతి విలియం డోబెల్ తోటి చిత్రకారుడు జాషువా స్మిత్‌ను గీసిన చిత్రానికి దక్కింది. ముఖాన్నీ ఒంటినీ సాగదీశాడు, ఇది వెక్కిరింత బొమ్మే అంటూ ఓడిన ఇద్దరు పోటీదారులు కోర్టుకెక్కారు. తీర్పు డోబెల్ వైపే వచ్చింది. కాబట్టి పోలిక తప్పుతుందేమోనన్న భయం వదిలేయండి.

కోయంబత్తూరు దగ్గరి కినత్తుకడవు చుట్టుపక్కల ఊళ్లలో ఇంట్లో తెలుగు మాట్లాడి, చదువూ రాతా తమిళంలో సాగించే కుటుంబాలున్నాయి. అక్కడి పెద్దల ముఖాలు చాలావరకు వాళ్లు పోయాకే, దండ వేసిన ఫోటోలుగా గోడెక్కుతాయి. అంతదాకా ఆగకండి. అవ్వనో తాతనో వెలుతురు బాగా పడే వసారాలో కూర్చోబెట్టండి. గంట గడిచేసరికి బిగుసుకున్న భుజాలు సడలుతాయి, మాటలు మొదలవుతాయి. అప్పుడు గీయండి.

పోటీకి పంపిన చిత్రాన్ని మాకూ పంపండి. బహుమతి వచ్చినా రాకపోయినా, బొమ్మలోని పెద్దవాళ్లు ఒప్పుకుంటే వాళ్ల ఊరి పేరుతో, ఆ పూట వాళ్లు చెప్పిన మాటలతో అచ్చువేస్తాం. ఆ మాటలు మీకు తమిళ లిపిలోనే రాయడం వస్తే అలాగే పంపండి.