తీగ వచ్చింది, వేళ కుదరాలి

మన కిన్వట్ మీదుగా పోయే రైలుమార్గానికి విద్యుత్తు తీగలు వచ్చినప్పటి నుండి పాఠకులలో కొందరు మమ్మల్ని ఒకే ప్రశ్న అడుగుతున్నారు: "ఇక మనకూ బొంబాయిలో వలె లోకల్ బండ్లు వస్తాయా?" అని. ముచ్చటైన ప్రశ్నే. అయితే జవాబు చెప్పేముందు లోకల్ బండి అంటే ఏమిటో, దాని గొప్పతనం ఎక్కడ ఉన్నదో కొంచెం విచారించడం మంచిదని మాకు తోచింది.

మామూలు రైలుకు లాగే బలమంతా ముందున్న ఇంజనులో ఉంటుంది. లోకల్ బండికి వేరే ఇంజను ఉండదు. పెట్టెలలో కొన్నింటి కిందనే మోటార్లు అమర్చి ఉంటాయి. రెండు కొసలా డ్రైవరు గది ఉంటుంది. అందుచేత ఆగిన బండి చప్పున వేగం అందుకుంటుంది. చివరి స్టేషనులో ఇంజను మార్చే పని లేకుండా వచ్చిన దారినే తిరిగి పోతుంది. అడుగడుగునా స్టేషనున్న చోట ఇటువంటి బండే పనికి వస్తుంది.

మన దేశంలో మొదటి విద్యుత్ రైలు 1925 ఫిబ్రవరి 3న బొంబాయి విక్టోరియా టెర్మినస్ నుండి కుర్లాకు నడిచింది. 1928 జనవరిలో కొలాబా, బోరివిలీల మధ్య కూడా మొదలయింది. బొంబాయి మనకు పరాయి ఊరు కాదు. తెలంగాణా నుండి వెళ్ళి ఆ నగరంలో మేడలు కట్టిన కమాఠీల పేరు కామాఠిపురాకు నిలిచిపోయింది. మిల్లులలో నేతపని చేసిన మన పద్మశాలి కుటుంబాలు అక్కడ ఎన్నో ఉన్నవి. పనిచేసే చోటనే ఇరుకు గదిలో పడి ఉండనక్కరలేకుండా, దూరాన ఇల్లు చూసుకుని, ఉదయం పోయి రాత్రికి పిల్లల మధ్యకు రాగలిగే వీలును ఆ రైళ్ళే కల్పించినవి.

మద్రాసులో 1931లో బీచి స్టేషను నుండి తాంబరం దాకా విద్యుత్ బండ్లు వచ్చాయి. అది మీటరు గేజి మార్గం. మన మార్గమూ ఒకప్పుడు అదే గేజి గదా! తెలుగువారు అనేకులు కాపురమున్న త్యాగరాయనగరానికి ఆ లైనులోని మాంబళమే స్టేషను. పట్టాల వెడల్పు ఎంత అని కాక, బండి వెంట బండి ఉన్నదా లేదా అన్నదే అక్కడి జనానికి ముఖ్యమయింది.

ఇక హైదరాబాదు సంగతి. 2003 ఆగస్టులో అక్కడ ఎం.ఎం.టి.ఎస్. మొదలయింది. రైల్వేవారూ రాష్ట్ర ప్రభుత్వమూ ఖర్చు పంచుకుని లింగంపల్లి, సికింద్రాబాదు, ఫలక్‌నుమాల వైపు బండ్లు నడిపారు. 2023లో మేడ్చల్ దాకా, 2024లో ఘట్‌కేసర్ దాకా అవి సాగాయి. అయితే ఆ పట్టాల మీద ఎక్స్‌ప్రెస్సులూ గూడ్సు బండ్లూ కూడా పోవాలి. బొంబాయిలో లోకల్ బండ్లకు వేరే పట్టాలున్నవి. అందుకే నిమిషాల తేడాతో ఒకదాని వెనుక ఒకటి రాగలుగుతున్నవి. ఒకే దారిని నలుగురూ పంచుకుంటే, ఎంత మంచి బండికైనా తన వంతు వచ్చేదాకా ఆగక తప్పదు.

దీనిని బట్టి తేలేదేమంటే, తీగ వేరు, వేళ వేరు. తీగ వల్ల డీజిలు ఖర్చు తగ్గుతుంది, పొగ తగ్గుతుంది. మనిషి పొద్దున పోయి సాయంత్రం ఇల్లు చేరగలడా అన్నది మాత్రం వేళల పట్టికే తేల్చాలి.

మనది ఒంటి పట్టాల మార్గం. ఎదురుబండి వస్తే స్టేషనులో ఆగి దారి ఇవ్వాలి. బొంబాయి జనసమ్మర్దం మనకు లేదు, ఆ లోకల్ బండ్లూ మనకు రావు. వాటిని కోరడం ఆకాశానికి నిచ్చెన వేయడమే. కాని అదే జాతికి చెందిన మెము బండ్లు దూరపు ఊళ్ళ మధ్య నడపడానికే ఉన్నవి. అటువంటిది పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, మన పనివేళలకు సరిపడా కోరడం అత్యాశ కాదు. సీజను టిక్కెట్టు మామూలుగా 150 కిలోమీటర్ల దూరం దాకా ఇస్తారు. బండి వేళ కుదరకపోతే ఆ టిక్కెట్టు జేబులో కాగితమే.

1956 దాకా కిన్వట్ తాలూకా ఆదిలాబాదు జిల్లాలోనే ఉండేది. ఆ ఏట జిల్లా మారింది, రాష్ట్రం మారింది, చుట్టరికాలు మారలేదు. అటు ఆదిలాబాదులో మేనమామ, ఇటు నాందేడులో అమ్మాయి చదువు, మధ్యన మనం. పోయి రావడానికి వీలుచిక్కక ఒక్కొక్క ఇల్లే తాళం పడుతున్నది. పిల్లలు కొలువుకని వెళ్ళి అక్కడే స్థిరపడుతున్నారు. ముసలివారు ఇక్కడ మిగులుతున్నారు. రైలు ఒక్కటే దీనికి మందు అని మేము అనము. పోయినవారు రాత్రికి తిరిగి రాగలిగితే కొన్ని ఇళ్ళలోనైనా దీపం వెలుగుతుంది.

కాబట్టి పాఠకులకు మా మనవి. "రైళ్ళు ఎక్కువ కావాలి" అని అర్జీ పెడితే ఎవరికీ ఏమీ బోధపడదు. మీ అమ్మాయి కాలేజీ ఎన్ని గంటలకు తెరుస్తారు? ఆసుపత్రిలో చీటీ ఎన్నింటిదాకా ఇస్తారు? సాయంత్రం పని ఎప్పుడు ముగుస్తుంది? ఈ మూడూ ఒక కార్డు మీద రాసి సంఘానికి పంపండి. ఇంటికొక కార్డు వస్తే చాలు, అందులో నుండి మనకు కావలసిన వేళ అదే తేలుతుంది. ఆ వేళను పట్టుకుని అడుగుదాము.