‘అందరికీ స్వాగతం’ అంటే చాలదు

క్రైస్తవంలో కులం లేదన్న మాటను మన దగ్గర ఇద్దరు పదేపదే చెబుతుంటారు. ఒకరు ప్రభుత్వం, మరొకరు చర్చి. ఆ మాట చెప్పే ప్రభుత్వం దళిత క్రైస్తవుడికి షెడ్యూల్డ్ కుల హోదాను నిరాకరిస్తున్నది. అదే మాట చెప్పే చర్చి తన లోపలి కులాన్ని దాచుకుంటున్నది. ఈ రెంటి మధ్య నలుగుతున్నది మాల మాదిగ పల్లెల క్రైస్తవులే. బాప్టిస్టు సంఘంలో పెరిగినవాడిగా, ఈ విషయంలో మా సంప్రదాయానికి మిగిలినవారికంటే ఎక్కువ బాధ్యత ఉందని నేను భావిస్తున్నాను. ఎందుకంటే బాప్టిస్టు అన్న పేరుకు అర్థమే స్వేచ్ఛ.

17వ శతాబ్దం ఆరంభంలో ఇంగ్లండులో రాజు మతమే ప్రజల మతం. పుట్టిన ప్రతి శిశువూ రాజు చర్చిలో సభ్యుడే. విశ్వాసం పుట్టుకతో రాదనీ, ఎరిగి ఒప్పుకున్నవారికే బాప్తిస్మమనీ వాదించినవారు దేశం విడిచి, 1609లో ఆమ్‌స్టర్‌డామ్‌లో తొలి బాప్టిస్టు సంఘాన్ని కట్టుకున్నారు. వారిలో ఒకడైన థామస్ హెల్విస్ 1612లో ఒక పుస్తకం ప్రచురించి, మనుషుల ఆత్మల మీద రాజుకు అధికారం లేదన్నాడు. ఆ స్వేచ్ఛ తనవారికి మాత్రమే కాక యూదులకూ ముస్లింలకూ మతభ్రష్టులని ముద్రపడినవారికీ ఉండాలన్నాడు. అందుకు జైలు పాలై, బయటికి రాకుండానే మరణించాడు. పుట్టుక మనిషి స్థానాన్ని నిర్ణయించరాదన్న ఈ సూత్రానికీ, పుట్టుకే సర్వస్వమనే కులవ్యవస్థకూ పొత్తు కుదరదు. కుల నిర్మూలన గురించి ఆలోచించే విద్యార్థులు బాప్టిస్టు చరిత్రను మతచరిత్రగా మాత్రమే చూడకూడదని నేననేది ఇందుకే.

అయితే సూత్రం దానంతట అది మనుషులను మార్చదు. బాప్టిస్టులకు బిషప్పు లేడు. ప్రతి స్థానిక సంఘమూ స్వతంత్రమే. కాపరిని ఎన్నుకునేదీ, సభ్యులను చేర్చుకునేదీ, ఆస్తిని చూసుకునేదీ ఆ సంఘమే. ఈ స్వయంపాలన రెండు వైపులా పదునున్న కత్తి. అమెరికాలో బానిసల యజమానులను మిషనరీలుగా పంపవచ్చునా అన్న వివాదం మీదనే 1845లో దక్షిణాది బాప్టిస్టులు విడిపోయి వేరే కన్వెన్షన్ పెట్టుకున్నారు. బానిసత్వాన్ని సమర్థించినందుకు ఆ కన్వెన్షన్ క్షమాపణ కోరడానికి 150 ఏళ్లు పట్టింది. 1995లో గాని ఆ తీర్మానం రాలేదు. మరోపక్క మార్టిన్ లూథర్ కింగ్ బాప్టిస్టు పాస్టరే. మాంట్‌గోమరీ బస్సుల బహిష్కరణకు ఆయన నాయకత్వం వహించింది ఒక బాప్టిస్టు చర్చి కాపరిగా ఉంటూనే. 1959లో ఆయన మన దేశానికి వచ్చినప్పుడు, ఒక దళిత విద్యార్థుల పాఠశాలలో ఆయనను అమెరికా నుంచి వచ్చిన సాటి అంటరానివాడిగా పరిచయం చేశారు. మొదట నొచ్చుకున్నాననీ, ఆలోచించి చూస్తే అది నిజమేననిపించిందనీ 1965లో తన సంఘానికి చేసిన ప్రసంగంలో ఆయనే చెప్పాడు.

నార్త్ కరోలినాలోని రాలీ నగరంలో ఉన్న పుల్లెన్ మెమోరియల్ సంఘం ఈ రెండో దారికి నిదర్శనం. పౌరహక్కుల ఉద్యమ కాలంలో నల్లజాతివారి పక్షాన గట్టిగా నిలిచిన కాపరి ఆ సంఘానిది. 1992లో అక్కడి సభ్యులు ఓటు వేసి, స్వలింగ జంటల బంధాన్ని సంఘంలో ఆశీర్వదించాలని నిర్ణయించారు. దక్షిణ బాప్టిస్టు కన్వెన్షన్ అదే ఏడాది వారిని వెలివేసింది. ఆ సంఘం నిర్ణయం మార్చుకోలేదు. అక్కడి నిర్ణయంతో ఏకీభవించనివారు మన సంఘాల్లో చాలామంది ఉంటారు. ఆ భేదాన్ని పక్కనపెట్టి కూడా గమనించవలసిన సంగతి ఒకటుంది. ఎవరిని బయట నిలబెట్టామో వారిని ఆ సంఘం పేరు పెట్టి పిలిచింది. ‘అందరికీ స్వాగతం’ అని బోర్డు రాసి ఊరుకోలేదు. ఇటువంటి సమ్మిళిత సంఘాల ప్రకటనల్లో జాతి, లింగం, లైంగికత, వైకల్యం వంటి మాటలు వరుసగా కనిపిస్తాయి. నేను చూసినంతలో కులం అన్న మాట మాత్రం అరుదు. ఆ మాట చేర్చవలసినవారు మనమే.

మన చరిత్రలో అందుకు పునాది ఉంది. ఒంగోలులో తొలి సంఘం 1867లో ఎనిమిది మందితో మొదలైంది. తాళ్లకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోళ్ల వ్యాపారి ద్వారా విశ్వాసం పల్లెలకు పాకింది. పై కులాలవారు కొందరు ఆసక్తి చూపినా, మాదిగలను చేర్చుకుంటే తాము రాబోమన్నారు. మిషనరీ జాన్ క్లౌ మాదిగలవైపే నిలిచాడు. 1876–78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి పని కల్పించాడు. అన్నం కోసం మతం మారారన్న నింద రాకూడదని ఆ కాలమంతా బాప్తిస్మాలు ఆపేశాడు. పనులు ముగిశాక 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఇచ్చింది క్లౌ కాదు, తెలుగు బోధకులు. అంటరానివారని ఊరు తోసిపుచ్చిన మనుషులకు ఆ రోజు దక్కిన గౌరవం చిన్నది కాదు.

ఆ తరవాత ఏం జరిగిందన్నదే నేడు తేల్చుకోవలసిన ప్రశ్న. మాలల చర్చి, మాదిగల చర్చి అన్న మాటలు మన వాడుకలోకి ఎలా వచ్చాయి? ఒకే బల్ల దగ్గర ప్రభు భోజనం తీసుకునేవారు వియ్యమందుకునే వేళకు కులం ఎందుకు అడుగుతున్నారు? సంఘంలో సగానికి మించి స్త్రీలే ఉన్నా ప్రసంగ వేదిక మీద వారెందుకు కనిపించరు? ఈ ప్రశ్నలు అడిగితే ఐక్యత చెడుతుందంటారు. అడగకపోవడం వల్ల చెడినదాన్ని మాత్రం లెక్కలోకి తీసుకోరు.

ఈ మౌనానికి చట్టపరమైన మూల్యం కూడా ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కుల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులూ ముస్లింలూ బయటే ఉండిపోయారు. చెప్పులు కుట్టుకునే సూసాయ్ అనే మద్రాసు క్రైస్తవుడు దీనిని సవాలు చేస్తే, మతం మారాక కూడా కులం వల్ల అదే స్థాయి వైకల్యాలు కొనసాగుతున్నాయని నిరూపించాలని 1985లో సుప్రీంకోర్టు చెప్పింది. దళిత క్రైస్తవులు మన రాష్ట్రాల్లో బీసీ–సీ కింద ఒక్క శాతం రిజర్వేషనుతో సరిపెట్టుకుంటున్నారు. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ వారికి ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానించింది. 2024లో వర్గీకరణకు సుప్రీంకోర్టు ఆమోదం తెలిపినా, క్రైస్తవుడినని రాసుకున్న మాదిగకు అందులో వాటా లేదు. ఇటువంటి స్థితిలో మా సంఘంలో కులం లేదని ప్రకటించే చర్చి పెద్ద, తెలిసో తెలియకో తన సభ్యుల హక్కుకు వ్యతిరేకంగా సాక్ష్యం చెబుతున్నాడు. కోర్టు అడుగుతున్న రుజువు చర్చి లోపలే ఉంది. దానిని దాచడం భక్తి కాదు.

ప్రగతిశీల బాప్టిస్టు సంఘమంటే నా దృష్టిలో ఇంగ్లిషు పాటలూ గిటార్లూ ఉన్న సంఘం కాదు. తన నిబంధన పత్రంలో కులవివక్ష పాపమని స్పష్టంగా రాసుకున్న సంఘం. డీకన్ల ఎన్నికలో ఒకే ఉపకులం, ఒకటి రెండు కుటుంబాలు పాతుకుపోకుండా చూసుకునే సంఘం. కులాంతర వివాహానికి సిద్ధపడిన జంటకు అండగా నిలిచే సంఘం. స్త్రీలకు అభిషేకమిచ్చి కాపరులుగా పిలిచే సంఘం. సమాధి స్థలంలో అందరికీ ఒకే చోటు ఇచ్చే సంఘం. ట్రాన్స్‌జెండర్ మనిషి లోపలికి వస్తే తల తిప్పుకోని సంఘం. వీటిలో ఏ ఒక్కదానికీ పైనుంచి ఉత్తర్వు రానక్కరలేదు. వచ్చే సంఘ సమావేశంలో ఒక సభ్యుడు ప్రతిపాదించి, మరొకరు బలపరచి, మిగిలినవారు చేతులెత్తితే చాలు. బిషప్పు లేకపోవడం వల్ల మనకున్న సౌలభ్యం అది. తప్పు పైవాడిదని చెప్పి తప్పించుకునే వీలు లేకపోవడం కూడా దానివల్లనే.