పాలలోని మిత్రజీవులు

సూరత్ నగరపాలక సంస్థకు చెందిన స్మీమర్ వైద్యకళాశాల ఆసుపత్రిలో తల్లిపాల నిధి ఒకటి వున్నది. తమ బిడ్డ అవసరానికి మించి పాలున్న తల్లులు దానం చేసిన పాలు, నెలలు నిండకుండా పుట్టి, కన్నతల్లి పాలకు నోచుకోని పసికందులకు చేరుతాయి. ఇటువంటి నిధులలో ఆ పాలను 62.5 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో 30 నిమిషాలుంచి, చల్లార్చి, గడ్డకట్టించి భద్రపరుస్తారు. ఆ పిమ్మట పరీక్షలో సూక్ష్మజీవులు కనిపించాయా, పారబోయవలసిందే. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ పక్షాన 2014లో వెలువడిన పాలనిధుల మార్గదర్శక సూత్రాల ప్రధాన రచయిత కూడ సూరత్ శిశువైద్యుడే - డాక్టర్ కేతన్ భరద్వా.

పరాయి బిడ్డకు పట్టే పాల విషయంలో ఈ జాగ్రత్త సమంజసమే. అయితే ఆ వేడికి హతమయ్యేవన్నీ శత్రువులు కావు. ఆరోగ్యవంతురాలి పాలలో సూక్ష్మజీవులే వుండవని శాస్త్రజ్ఞులు చాలాకాలం భావించారు. కనిపిస్తే చర్మం నుంచి అంటిన మాలిన్యమనుకునేవారు. 2003లో స్పెయిన్ పరిశోధకులు తల్లిపాలలో, పాలను పెరుగుగా మార్చే కోవకు చెందిన బాక్టీరియాను గుర్తించి, బిడ్డ పేగులకు అవి అక్కడినుంచే చేరుతున్నాయని సూచించారు. కొన్ని పాలు తాగే బిడ్డ నోటినుంచి రొమ్ములోనికి వస్తాయి. తల్లి పేగులనుంచి కూడ వస్తాయన్న వాదం ఇంకా తేలలేదు.

అంతకంటె విచిత్రమైన సంగతి మరొకటి. తల్లిపాలలో లాక్టోజు, కొవ్వుల తర్వాత హెచ్చుగా వుండే ఘనపదార్థం ఓలిగోశాకరైడ్లనే చక్కెరలు. బిడ్డ వాటిని జీర్ణించుకోలేదు! అవి పేగులలోని బిఫిడో బాక్టీరియాకు ఆహారం. తల్లి తన బిడ్డకే కాక, బిడ్డ కడుపులోని సూక్ష్మజీవులకూ అన్నం పెడుతున్నదన్నమాట. ఈ చక్కెరలు వేడికి చెడవు. నిధిలోని పాలలో సూక్ష్మజీవులు నశించినా, వాటి తిండి మిగులుతుంది. నెలలు నిండని శిశువుల ప్రాణాలు తీసే పేగుల వ్యాధి, డబ్బాపాలు తాగేవారిలో కంటె ఈ పాలు తాగేవారిలో తక్కువగా కనిపిస్తున్నది.

పోయిన మిత్రులను విడిగా అందించవచ్చునా? ఒడిశా గ్రామాలలో 4,556 మంది శిశువులపై జరిగిన పరిశోధన ఫలితాలు 2017లో 'నేచర్' పత్రికలో వెలువడ్డాయి. లాక్టోబాసిల్లస్ ప్లాంటారం బాక్టీరియాను, దానికి ఆహారమైన చక్కెరతో కలిపి 7 రోజులు ఇవ్వగా, సెప్సిస్ గాని మరణం గాని సంభవించడం 9 శాతం నుంచి 5.4 శాతానికి తగ్గింది. కాని వారంతా రెండు కిలోలకు తగ్గని బరువుతో పుట్టి, తల్లిపాలు తాగుతున్న శిశువులు. కిలో బరువైనా లేని పసికందుకు ఆ లెక్క వర్తింపజేయడం తొందరపాటే.

అందుకే వైద్యులు నిధిని రెండవ మార్గంగానే చూస్తారు. హైదరాబాదు నీలోఫర్ ఆసుపత్రిలో 2017లో ప్రారంభమైన 'ధాత్రి' వంటి కేంద్రాలలో, దానం స్వీకరించడంతో బాటు, బాలింత తన పాలు తానే పిండి బిడ్డకు అందించేటట్లు సాయపడతారు. తొలిరోజుల్లో ముర్రుపాలు చెంచాడైనా రావచ్చు, రాకపోవచ్చు. వచ్చిన ఆ కొద్దిపాటి పాలు సొంత బిడ్డకే గనుక, వేడిచేయనక్కరలేదు.